మోటార్‌హోమ్ వెనుక చిన్న కారు: ఇంజిన్ లాగుతుంది, మరి ఆపేదెవరు?

క్లుప్తంగా: చిన్న డీజిల్ మోటార్‌హోమ్‌కు ఏడెనిమిది వందల కిలోల కారును లాగడం పెద్ద కష్టం కాదు. కష్టమంతా దాన్ని ఆపడంలో, వెనక్కి తిప్పడంలో ఉంది. దానికి తోడు బాగా నడుస్తున్న కారును మరో బండికి కట్టి తీసుకెళ్లడాన్ని మన దేశపు రోడ్డు నిబంధనలు ఒప్పుకోవు. వరంగల్ చుట్టుపక్కల ఉన్న దూరాలకు ఆ అవసరం కూడా తక్కువే.

టెంపో ట్రావెలర్‌ను ఇల్లులా, అంటే మోటార్‌హోమ్ లేదా క్యాంపర్‌గా, మార్చుకుని తిరిగే కుటుంబాలు తెలుగు రాష్ట్రాల్లోనూ కనిపిస్తున్నాయి. లోపల రెండు మంచాలు, గ్యాస్ స్టవ్, నీళ్ల ట్యాంకు, చిన్న బాత్రూమ్ ఉంటాయి. ఇలాంటి బండి కొనాలనుకునేవాళ్లకు యూట్యూబ్‌లో విదేశీ వీడియోలు చూశాక ఒక సందేహం వస్తుంది. అక్కడ మోటార్‌హోమ్ వెనుక ఒక బుల్లి కారు, లోపల మనిషి లేకుండానే, దర్జాగా వస్తుంటుంది. హన్మకొండ నుంచి ములుగు మీదుగా లక్నవరం వెళ్లేటప్పుడు మన ఆల్టోను కూడా అలా కట్టుకెళ్తే పోలా, అన్నది ఆ సందేహం.

## ఆ కారు ఎందుకు?

మోటార్‌హోమ్‌ను ఒకచోట నిలిపాక మళ్లీ కదపడం చిన్న పని కాదు. చక్రాల కింద చెక్కలు పెట్టి సమం చేస్తారు, పక్కన పందిరి గుడ్డ దించుతారు, కరెంటు వైరు కలుపుతారు, గిన్నెలు బయట పెడతారు. పాల ప్యాకెట్ కోసం ఇదంతా సర్దేసి బయల్దేరడం ఎవరికీ ఇష్టం ఉండదు. అందుకే బ్రిటన్, అమెరికాల్లో వారాల తరబడి తిరిగేవాళ్లు పెద్ద బండిని ఊరి బయట పెట్టి, వెంట తెచ్చుకున్న చిన్న కారులో ఊళ్లోకి వెళ్తారు. వాళ్ల ప్రయాణాలు ఒక్కోసారి వేల కిలోమీటర్లు సాగుతాయి. చాలాసార్లు బండిలో ఉండేది ఇద్దరే, రిటైరైన భార్యాభర్తలు. రెండో బండి నడపడానికి మూడో మనిషి ఉండడు. కారును కట్టుకెళ్లే అలవాటు అక్కడ పెరగడానికి ఈ రెండూ ముఖ్య కారణాలు.

కట్టే పద్ధతులు మూడు. ఒకటి, కారు నాలుగు చక్రాలూ రోడ్డు మీదే ఉంచి, ముందు భాగానికి ‘ఎ’ అక్షరం ఆకారంలో ఉండే ఇనుప చట్రం బిగించి లాగడం. రెండు, ముందు చక్రాలను రెండు చక్రాల చిన్న బండి మీదికి ఎక్కించి, వెనుక చక్రాలు దొర్లేలా తీసుకెళ్లడం. మూడు, కారు మొత్తాన్ని ట్రైలర్ మీద పెట్టడం. వీడియోల్లో ఎక్కువగా కనిపించేది మొదటిదే. తేలిక, చౌక, దిగగానే విప్పేయొచ్చు. చట్టపరమైన పేచీలు ఎక్కువగా వచ్చేదీ దానితోనే.

## ఇంజిన్ సంగతి

ఫోర్స్ ట్రావెలర్, అర్బేనియా లాంటి బండ్లలో ఉన్నది 2.6 లీటర్ల డీజిల్ ఇంజిన్. శక్తి సుమారు 115 హెచ్‌పీ, టార్క్, అంటే తిప్పే బలం, 350 న్యూటన్ మీటర్లు. యూరప్‌లో చిన్న మోటార్‌హోమ్‌లకు ఎక్కువగా వాడుతూ వచ్చిన ఫియట్ డుకాటో 2.3 లీటర్ల డీజిల్‌లో 130 హెచ్‌పీ రకం టార్క్ 320. అంటే లాగే బలంలో మన బండి మరీ తీసిపోదు.

సామానుతో కలిపి 4 టన్నులున్న క్యాంపర్‌ను తీసుకుందాం. చదునైన రోడ్డు మీద 80 కి.మీ. వేగంతో పోవడానికి, గాలిని చీల్చుకోవడానికీ టైర్ల రాపిడికీ కలిపి దానికి సుమారు 40 హెచ్‌పీ చాలు. వెనుక 800 కిలోల కారు చేరితే ఇది 43, 44కు చేరుతుంది. కారు చాలావరకు పెద్ద బండి వెనుక నీడలో నడుస్తుంది కాబట్టి గాలి భారం కొంచెమే పెరుగుతుంది. డీజిల్ ఖర్చు పదో వంతు అటూఇటూ ఎక్కువవుతుంది.

ఎత్తు ఎక్కేటప్పుడు లెక్క కాస్త మారుతుంది. ప్రతి 100 మీటర్లకు 5 మీటర్లు లేచే ఘాట్‌లో గంటకు 60 కి.మీ. నిలబెట్టాలంటే ఒంటి క్యాంపర్‌కు 65 హెచ్‌పీ దాకా కావాలి. కారుతో అయితే 75 దాటుతుంది. నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ లాంటి చోట ఒక గేరు తగ్గించుకోవాల్సి రావచ్చు. మే నెలలో, 42, 43 డిగ్రీల ఎండలో, ఏసీ వేసుకుని ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు మీద ఓ కన్నేసి ఉంచాలి. ఎత్తు మీద ఆగి మళ్లీ కదిలేటప్పుడు క్లచ్ కాలే వాసన కూడా రావచ్చు. ఇబ్బందులు ఇంతవరకే. ‘మా బండి లాగేస్తుంది’ అని ఎవరైనా అంటే అది అబద్ధమేమీ కాదు.

## బ్రేకు దగ్గరే అసలు చిక్కు

పత్తి బస్తాలతో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే ట్రాక్టర్ డ్రైవర్‌ను గమనిస్తే సగం విషయం అర్థమవుతుంది. దిగుడు రాగానే అతను బ్రేకు కన్నా ముందు గేరు తగ్గిస్తాడు. ట్రాలీకి సొంత బ్రేకు లేకపోతే దాని బరువంతా ట్రాక్టర్‌ను వెనుక నుంచి తోస్తుంది. మలుపులో గట్టిగా బ్రేకు పడిందా, ట్రాలీ ట్రాక్టర్‌ను పక్కకు నెట్టేస్తుంది. రెండు బండ్లూ మడత కత్తిలా ముడుచుకుంటాయి. మోటార్‌హోమ్ వెనుక కారు కూడా చేసేది ఇదే, కాకపోతే వేగం రెండు మూడింతలు.

4 టన్నుల బండికి మరో 800 కిలోలు చేరితే, అదే వేగంలో ఆపాల్సిన శక్తి 20 శాతం పెరుగుతుంది. రోడ్డును పట్టుకునే బ్రేకు టైర్లు మాత్రం క్యాంపర్‌వే. పొడి రోడ్డు మీద 80 కి.మీ. వేగం నుంచి క్యాంపర్ ఒక్కటే 41 మీటర్లలో ఆగగలదనుకుంటే, అదే బ్రేకు బలంతో కారుతో సహా ఆగడానికి 49 మీటర్లు పడుతుంది. డ్రైవర్ తేరుకుని కాలు బ్రేకు మీద వేసేలోపు పోయే 22 మీటర్లు దీనికి అదనం. ఆ 8 మీటర్ల తేడా రెండు ఆల్టోల పొడవు కన్నా ఎక్కువ. ములుగు రోడ్డు మీద ఉన్నట్టుండి గొర్రెల మంద అడ్డొచ్చినప్పుడు ఆ 8 మీటర్లే లెక్కలోకి వస్తాయి.

దిగుడులో సమస్య వేరు. నిట్టనిలువుగా లెక్కిస్తే ప్రతి 100 మీటర్లు దిగేటప్పుడు బండి కోల్పోయే శక్తిలో చాలా భాగం బ్రేకుల్లో వేడిగా మారాలి, లేదంటే ఇంజిన్ బ్రేకింగ్ (గేరు తగ్గించి ఇంజిన్‌తోనే నెమ్మదించడం) పీల్చుకోవాలి. బరువు 20 శాతం పెరిగితే ఆ వేడీ అంతే పెరుగుతుంది. బ్రేకులు మరీ వేడెక్కాక పెడల్ నొక్కినా పట్టు తగ్గుతుంది.

అందుకే బయటి దేశాల్లో చట్టం ఇంజిన్ గురించి కన్నా బ్రేకు గురించి ఎక్కువ పట్టించుకుంటుంది. బ్రిటన్‌లో ‘ఎ’ చట్రానికి కట్టిన కారును అధికారులు ట్రైలర్‌గానే చూస్తారు. గరిష్ఠ బరువు 750 కిలోలు దాటిన ఏ ట్రైలర్‌కైనా సొంత బ్రేకు ఉండాలి, అది పనిచేయాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. చూడాల్సింది కారు ఖాళీ బరువు కాదు, మనుషులు, సామానుతో కలిపి దానికి అనుమతించిన గరిష్ఠ బరువు. ఆల్టో కె10 ఖాళీగా 700 కిలోలకు అటూఇటూ ఉన్నా, ఈ కొలతలో 750 దాటిపోతుంది. కాబట్టి ‘మాది చిన్న కారు కదా’ అనే వాదన అక్కడ కూడా నిలవదు.

మరి ఇంజిన్ ఆగిపోయి ఉన్న కారులో బ్రేకు పనిచేయడం ఎలా? మామూలు కారు బ్రేకుకు బలాన్నిచ్చే వాక్యూమ్ బూస్టర్ ఇంజిన్ నడిస్తేనే నిండుతుంది. ఇంజిన్ ఆగిన కారులో పెడల్ రాయిలా గట్టిపడుతుందని తాడు కట్టి లాగించుకున్నవాళ్లకు తెలుసు. అందుకే బ్రేకున్న చట్రాల్లో ఒక కేబుల్ ఉంటుంది. పెద్ద బండి నెమ్మదించగానే కారు ముందుకు తోసుకొస్తుంది, ఆ తోపుకే కేబుల్ బిగిసి కారు పెడల్‌ను లాగుతుంది. ఇంకొన్నిటిలో డ్రైవర్ సీటు ముందు ఎలక్ట్రిక్ యంత్రం పెట్టి, దానితోనే పెడల్ తొక్కిస్తారు. కొక్కెం ఊడితే కారును దానంతట అదే ఆపేసే గొలుసు లాంటి ఏర్పాటు వేరే ఉంటుంది. ఊళ్లో వెల్డింగ్ షాపులో చేయించిన కడ్డీకి ఇవేవీ ఉండవు.

## గేర్‌బాక్స్‌ను బట్టి కారు

ఏ కారునైనా న్యూట్రల్‌లో పెట్టి లాగొచ్చనుకుంటే పొరపాటు. ముందు చక్రాలతో నడిచే మాన్యువల్ కారును న్యూట్రల్‌లో దొర్లిస్తే, చక్రాలతో పాటు డిఫరెన్షియల్ (ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచే భాగం) తిరుగుతుంది. దాని పెద్ద పళ్ల చక్రం నూనెలో మునిగి తిరుగుతూ పైకి చిమ్ముతుంది కాబట్టి చాలా గేర్‌బాక్సుల్లో తడి అందుతుంది. టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్‌లో, సీవీటీ అనే మరో రకం ఆటోమేటిక్‌లో అలా కాదు. నూనెను తోసే పంపును తిప్పేది ఇంజిన్. ఇంజిన్ ఆగితే పంపూ ఆగుతుంది, లోపలి భాగాలు మాత్రం పొడిగా తిరుగుతూనే ఉంటాయి. వంద కిలోమీటర్లు అలా వెళ్తే గేర్‌బాక్స్ కాలిపోయే ప్రమాదముంది. ఎలక్ట్రిక్ కారులో చక్రాలు తిరిగితే మోటారూ తిరిగి కరెంటు పుట్టిస్తుంది. అందుకే వాటిని కారు మొత్తాన్ని పైకి ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్ లారీ మీదే తీసుకెళ్లమని కంపెనీలు చెబుతాయి.

స్టీరింగ్ లాక్ మరో గొడవ. తాళం తీసేస్తే స్టీరింగ్ బిగుసుకుంటుంది, ముందు చక్రాలు మలుపులో తిరగవు. తాళం ఒక మెట్టు తిప్పి ఉంచితే లాక్ పడదు కానీ గంటల తరబడి బ్యాటరీ దిగుతుంది. పుష్ బటన్ కార్లలో ఇది ఇంకా చిరాకు.

## వెనక్కి రాని బండి

నాలుగు చక్రాల మీద కట్టిన కారుతో రివర్స్ చేయలేరు. దీని గురించి వీడియోల్లో పెద్దగా చెప్పరు. ముందుకు పోతున్నప్పుడు కారు ముందు చక్రాలు, షాపింగ్ ట్రాలీ చక్రాల్లా, లాగిన వైపు వాటంతట అవే తిరుగుతాయి. వెనక్కి తోస్తే అదే గుణం అడ్డం తిరుగుతుంది. చక్రాలు ఒక్కసారిగా పూర్తిగా ఒక పక్కకు మలుచుకుని, కారు అడ్డంగా రోడ్డును గీసుకుంటూ వస్తుంది. చట్రం వంగుతుంది, లేదా బంపర్ వెనుక బిగింపులు విరుగుతాయి. వెనక్కి రావాలంటే దిగి, కారును విప్పి, రెండింటినీ విడివిడిగా తిప్పుకోవాల్సిందే.

ఆరేడు మీటర్ల క్యాంపర్, మీటరున్నర చట్రం, మూడున్నర మీటర్ల కారు కలిపితే పొడవు పెద్ద ఆర్టీసీ బస్సంత అవుతుంది. కాజీపేట నుంచి ఆత్మకూరు దాకా హైవే మీద అది సమస్య కాదు. పస్రా దాటి తాడ్వాయి అడవిలోకి మళ్లాక రోడ్డు సన్నబడుతుంది. మేడారం జాతర రోజుల్లో వన్‌వే పెడతారు, పార్కింగ్ దూరంగా ఇస్తారు, ‘ఇటు కాదు, వెనక్కి తిప్పు’ అని పోలీసు చెయ్యి చూపడం మామూలే. వెనుక వంద బండ్లు హారన్ కొడుతుండగా నట్లు విప్పుతూ కూర్చోవడం ఎంత టెన్షనో ఊహించుకోవచ్చు. వరంగల్ చౌరస్తా చుట్టూ ఉన్న సందుల సంగతి సరేసరి.

## చట్టం గీసిన గీత

మన దగ్గర పరిస్థితి చాలామంది అనుకుంటున్నంత మసకగా లేదు. 1989 నాటి రోడ్డు నియమాల్లో 20వ నిబంధన టోయింగ్ గురించే. దాని ప్రకారం ఒక మోటారు బండి లాగగలిగేవి కొన్నే: యాంత్రిక లోపంతో ఆగిపోయిన బండి, భాగాలు పూర్తిగా బిగించని బండి, రిజిస్టర్ అయిన ట్రైలర్, సైడ్ కార్. పాడైన బండిని లాగడం కూడా దగ్గర్లోని గ్యారేజీ దాకా, పెట్రోల్ బంకు దాకా అన్న ఉద్దేశంతోనే. 2017లో కొత్త డ్రైవింగ్ నిబంధనలు వీటి స్థానంలోకి వచ్చినా టోయింగ్ విషయంలో దారి మారలేదు. విహారయాత్రకు వెంట వచ్చే ఆరోగ్యమైన కారుకు ఈ జాబితాలో చోటు లేదు.

1989 నిబంధన ఇంకో షరతు కూడా పెట్టింది. వెనుక కట్టిన బండి డ్రైవర్ సీటులో లైసెన్సున్న మనిషి కూర్చోవాలి, లేదా దాని స్టీరింగ్ చక్రాలు నేల తాకకుండా పైకి ఎత్తి ఉంచాలి. ఖాళీ కారు వెనకాల దొర్లుతూ రావడం అక్కడే ఆగిపోయింది. డ్రైవర్ సీటులో మనిషిని కూర్చోబెట్టేటట్టయితే ఆ మనిషే కారు నడుపుకుంటూ రావచ్చు. ట్రైలర్ కాని బండిని లాగేటప్పుడు వేగం గంటకు 24 కి.మీ. దాటకూడదని కూడా ఆ నిబంధనలో ఉండేది. ఆ వేగంతో హన్మకొండ నుంచి మేడారం నాలుగు గంటల పైమాటే.

ఇది మన దేశానికే పరిమితమైన మొండితనం కాదు. స్పెయిన్‌లోనూ ‘ఎ’ చట్రంతో కారును లాగడాన్ని ఒప్పుకోరు, బ్రిటన్ నుంచి వచ్చిన పర్యాటకులకు అక్కడ జరిమానాలు పడ్డాయి. ఒక దేశం ట్రైలర్ అన్నదాన్ని ఇంకో దేశం చెడిపోయిన బండిగా చూస్తోంది.

మిగిలేది రిజిస్టర్ అయిన ట్రైలర్ దారి. అది సాధ్యమే కానీ చౌక కాదు. కారు, ట్రైలర్ కలిపి టన్ను దాటుతాయి. ట్రైలర్‌కు తన రిజిస్ట్రేషన్, బ్రేకులు, లైట్లు ఉండాలి. లాగే బండి నంబరు ట్రైలర్ వెనుక కూడా కనిపించాలని మోటారు వాహనాల చట్టం 61వ సెక్షన్ చెబుతోంది. క్యాంపర్ ఛాసిస్‌కు కొక్కెం బిగించడం వేరే తలనొప్పి. తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చడంపై 52వ సెక్షన్ ఆంక్షలు పెట్టింది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఆ పట్టును ఇంకా బిగించింది. మోటార్ క్యారవాన్ల ఆమోదానికి ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది, సొంతానికి వాడే క్యాంపర్ వ్యాన్‌ను రవాణేతర (నాన్-ట్రాన్స్‌పోర్ట్) వాహనంగా 2004 నాటి కేంద్ర నోటిఫికేషన్ గుర్తించింది. కానీ మన మార్కెట్‌లో అమ్మే చాలా బండ్లకు ఎంత బరువు లాగొచ్చో కంపెనీలు చెప్పవు. ఆ అంకె లేకుండా ఆర్టీఏ ముందు వాదించడం కష్టం.

బీమా కూడా ఇదే గీత మీద నడుస్తుంది. వాణిజ్య వాహనాల ప్యాకేజీ పాలసీల్లో చెడిపోయిన ఒక బండిని, అదీ డబ్బు తీసుకోకుండా, లాగినా పాలసీ చెల్లుతుందని ఉంటుంది. అప్పుడు కూడా వెనుక కట్టిన బండికి జరిగే నష్టాన్ని కంపెనీ భరించదు.

## వరంగల్ దూరాల లెక్క

విదేశాల్లో ఈ అలవాటును పెంచిన కారణాలు ఇక్కడ ఎంతవరకు ఉన్నాయన్నది చూడాలి. హన్మకొండ నుంచి రామప్ప గుడి 70 కి.మీ. అటూఇటూ, మేడారం సుమారు వంద, బొగత జలపాతం సుమారు 140. ఇవి రోజులో వెళ్లి రాగలిగే దూరాలు. పైగా మన ప్రయాణాల్లో మనుషులకు కొదవ ఉండదు. అన్నావదినలు, బావగారు, కాలేజీ చదివే మేనల్లుడు, ఇంత మందిలో ఇంకో లైసెన్సు దొరక్కపోదు.

మేడారం వెళ్లి రావడానికి 200 కి.మీ. అనుకుందాం. లీటరుకు 10 కి.మీ. ఇచ్చే క్యాంపర్ కారును లాగితే అదనంగా 2 లీటర్ల డీజిల్ తాగుతుంది. అదే కారును మేనల్లుడు విడిగా నడుపుకొస్తే సుమారు 10 లీటర్ల పెట్రోల్. తేడా తొమ్మిది వందల రూపాయల లోపు. చట్రం, బ్రేకు యంత్రం, బిగింపు ఖర్చు ఆ తొమ్మిది వందల్లోంచి రావాలంటే ఎన్ని జాతరలు తిరగాలో! విడిగా వచ్చే కారుకు ఇంకో లాభం, పెద్ద బండి చెడిపోతే మెకానిక్‌ను తేవడానికి అది పనికొస్తుంది.

కొందరు బైకును క్యాంపర్ వెనుక స్టాండు మీద ఎక్కిస్తారు. కారు కన్నా ఇది తేలికే కానీ బరువు ఎక్కడ పడుతోందో చూసుకోవాలి. వెనుక ఇరుసుకు 1.8 మీటర్ల అవతల 110 కిలోల బైకు వేలాడితే, 3.7 మీటర్ల వీల్‌బేస్ ఉన్న బండిలో వెనుక ఇరుసు మీద 160 కిలోలకు పైగా పడుతుంది. ఆ అదనపు 50 కిలోలు ముందు ఇరుసు నుంచి లేచిపోయినవి. వాన పడ్డ రోడ్డులో స్టీరింగ్ తేలికైనట్టు అనిపించడానికి అదో కారణం. నంబరు ప్లేటు, వెనుక లైట్లు బైకు చాటున పడకూడదు.

## దారిలో కారు చెడిపోతే

మామూలు కారును కట్టి లాగడానికి చట్టం ఒప్పుకునే సందర్భం ఇదొక్కటే కాబట్టి దాని పద్ధతి తెలిసి ఉండటం మంచిది. తాడు కట్టే చోటు బంపర్ కాదు, కారుతో పాటు ఇచ్చిన టో హుక్. అది చాలా కార్లలో జాకీ సామానుతో పాటే ఉంటుంది, బంపర్ మీద చిన్న మూత తీసి స్క్రూలా తిప్పి బిగించాలి. రెండు బండ్ల మధ్య ఖాళీ 5 మీటర్లు దాటకూడదు. తాడు ఎదుటివారికి కనిపించేలా ఎర్ర గుడ్డ కట్టాలి. చెడిన కారు వెనుక ‘దీన్ని లాగుతున్నారు’ అన్న అర్థం వచ్చే బోర్డు ఉండాలని నిబంధన. అందులో తాళం తిప్పి ఉంచాలి, లేకపోతే మొదటి మలుపులోనే స్టీరింగ్ బిగుస్తుంది. బ్రేకు మామూలు కన్నా ఎన్నో రెట్లు గట్టిగా తొక్కాలి కాబట్టి సీటులో కూర్చునేది కుటుంబంలో అందరికన్నా అనుభవమున్న డ్రైవర్ అయితే మేలు. ఆటోమేటిక్ కారో ఎలక్ట్రిక్ కారో అయితే తాడు జోలికి పోకుండా ఫ్లాట్‌బెడ్ పిలిపించుకోవడమే.